ముల్లు లేచేదాకా

డబ్లిన్, కాలిఫోర్నియా
సెప్టెంబర్ 12, 2010

ఒరే మనూ,

అక్క దగ్గర్నుంచి కవరు వచ్చిందంటే తిట్లే అనుకుంటావు. ఈసారి పొగడ్తలు. అవీ నీకు కాదు, నా కారుకి.

ఈ ఏడాది నుంచి మా దగ్గర డీజిల్ కార్లకి కూడా స్మాగ్ చెక్, అదే పొగ పరీక్ష, పెట్టారు. నెల రోజులుగా మీ బావది ఒకటే నస. "ఆ డొక్కుబండి పాస్ కాదు బిందూ, హైబ్రిడ్ ఒకటి చూద్దాం" అని. నిన్న నేనే డ్రైవ్ చేసుకుని వెళ్ళాను. టెక్నీషియన్ పొగగొట్టం దగ్గర వంగి చూశాడు, కంప్యూటర్ తగిలించి చూశాడు, లేచి నిలబడి "మేడమ్, దీన్ని ఎవరు చూసుకుంటారు?" అన్నాడు. "ఆయిల్ మార్చేది లివర్‌మోర్‌లో రఫాయెల్. చూసుకునేది నేను" అన్నాను. ఇంటికొచ్చి సర్టిఫికెట్ మీ బావ కాఫీకప్పు కింద పెట్టాను.

డెబ్భై ఒక్క వేల మైళ్ళు తిరిగిందిరా! ఏడున్నర ఏళ్ళలో ఒక్కసారి టో ట్రక్ ఎక్కలేదు. ఇంత చిన్న ఇంజన్, తొంభై గుర్రాలు కూడా ఉన్నాయో లేదో, గాలన్‌కి నలభై అయిదు మైళ్ళు ఇస్తోంది. అయిదు వేలకొకసారి ఆయిల్, పది వేలకొకసారి డీజిల్ ఫిల్టర్‌లో నీళ్ళు తీయించడం, అన్నీ నోట్‌బుక్‌లో రాసి పెట్టాను. కారు కొన్నప్పుడు నువ్వు ట్రాయ్ నుంచి నాలుగు పేజీల ఉత్తరం రాశావు, గుర్తుందా? ఇందులో మా కంపెనీ సామాను కూడా ఉంది అక్కా, కళ్ళు మూసుకుని కొనమని. ఆ ఉత్తరం ఇప్పటికీ గ్లవ్ బాక్స్‌లోనే ఉంది. "టెంపరేచర్ ముల్లు మధ్యకి లేచేదాకా కదలొద్దు" అని రాసి, కింద రెండు గీతలు గీశావు. ఒక్కరోజు తప్పలేదు. పొద్దున స్టార్ట్ చేసి కూర్చుని అమ్మ నేర్పిన స్తోత్రం మొత్తం చదువుకుంటాను. ఆఖరి శ్లోకానికి ముల్లు సగం కూడా లేవదు. అయినా కూర్చుంటాను. పక్కింటి నాన్సీ మొదట్లో చప్పుడంటూ విసుక్కునేది. పులిహోర ఇచ్చాక మానేసింది.

జనవరిలో మా పిల్ల ఇషా ఈ కారు తీసుకెళ్తుంది. మెర్సెడ్‌లో కాలేజీ డార్మ్ వదిలి అపార్ట్‌మెంట్‌కి మారుతోంది. ఆల్టమాంట్ కొండ ఎక్కి దిగాలి, నెలకి రెండుసార్లన్నా. దానికి నా కారుకన్నా నమ్మకమైనది ఏముంది చెప్పు?

ఫోన్ చేస్తే సరిపోయేది కదా అంటావు. ఫోన్‌లో నువ్వు "ఆఁ, సరే అక్కా" అని జారిపోతావు. కాగితం మీద నీకు జారడం చేతకాదు. మీనాని అడిగానని చెప్పు.

నీ అక్క,
బిందుమాధవి


ట్రాయ్, మిషిగన్
సెప్టెంబర్ 24, 2010

అక్కా,

నీ ఉత్తరం వచ్చింది. స్మాగ్ చెక్ పాసైనందుకు సంతోషం. బావని మరీ ఏడిపించకు.

ఒక విషయం. నువ్వు చదివే స్తోత్రం ఎన్ని నిమిషాలు? వాచీ చూసి రాయి. సాయంత్రం ఇంటికొచ్చాక కూడా ఇంజన్ ఆన్‌లో పెట్టి కూర్చుంటావా? ఎంతసేపు? వారానికి ఎన్ని రోజులు?

ముల్లు లేచేదాకా అని నేను రాసింది నిజమే. కానీ డీజిల్ ఇంజన్ నిలబెట్టి ఉంచితే వేడెక్కదు అక్కా. తాగే నూనె అంత తక్కువ. నడిస్తేనే వేడెక్కుతుంది. స్టార్ట్ చేసి అర నిమిషం ఆగి, మెల్లగా బయల్దేరితే చాలు. అప్పుడు సరిగ్గా రాయలేదు. రేపటి నుంచి అలా నిలబెట్టి ఉంచడం, ఐడ్లింగ్, మానెయ్యి.

ఇంకొకటి. ఇంజన్ పక్కన ప్లాస్టిక్ మూత వెనకాల టైమింగ్ బెల్టు ఉంటుంది. పైన కవాటాలనీ కింద పిస్టన్లనీ ఒకే తాళంలో తిప్పేది అదే. అది వదులు కాకుండా ఒక చిన్న చక్రం నొక్కి పట్టి ఉంచుతుంది. టెన్షనర్ అంటాం. మా కంపెనీ చేసేది అదే. బెల్టు జారితే పిస్టన్లు వెళ్ళి కవాటాలని గుద్దుతాయి. అదే క్షణంలో ఇంజన్ చస్తుంది. స్టీరింగ్ బిగుసుకుపోతుంది, బ్రేకు రాయిలా అవుతుంది. మాన్యువల్‌లో లక్ష మైళ్ళకి మార్చమని ఉంటుంది. నువ్వు ఇప్పుడే మార్పించు. బెల్టూ, టెన్షనరూ, రెండూ. ముందు జాగ్రత్త, అంతే.

ఎన్ని నిమిషాలో మాత్రం రాయి.

మనోహర్


డబ్లిన్
అక్టోబర్ 10, 2010

మనూ,

ఇరవై అయిదు నిమిషాలు. వాచీ చూశాను. సాయంత్రం ఇంకో ఇరవై. సంతృప్తేనా?

సాయంత్రం ఎందుకు అని అడుగుతావు. రాస్తాను, మీ బావకి చెప్పకు. మా అత్తగారు శేషమ్మగారు వచ్చి మూడేళ్ళయింది. మనిషి చెడ్డది కాదు. కానీ టీవీ సౌండ్ వీధి చివరికి వినిపిస్తుంది. ఫార్మసీలో పదిగంటలు నిలబడి, జనం దగ్గులూ ఇన్సూరెన్స్ గొడవలూ విని వస్తానా, తలుపు తీయగానే "బిందూ, ఆ చానల్ రావట్లేదు." అందుకని మా వీధి మొదట్లో పార్క్ పక్కన కారు ఆపుకుంటాను. ఇంజన్ ఆన్‌లో ఉంటే హీటర్ మోకాళ్ళకి హాయిగా తగులుతుంది. ఎవరూ పిలవరు. ఈ నాలుగు బెడ్‌రూముల ఇంట్లో నాకంటూ ఉన్న గది ఆ కారేరా. ఆ ఇరవై నిమిషాలు నేను ఇవ్వను, నువ్వు చెప్పినా సరే.

బెల్టు సంగతి డీలర్‌ని అడిగాను. "లక్షకి ముందు అక్కర్లేదు, తయారుచేసినవాళ్ళే టెస్ట్ చేసి రాశారు" అన్నాడు. మీ బావ నవ్వాడు. "మీ తమ్ముడు బెల్టుల కంపెనీలో పని చేస్తాడు, ఇంకేం చెప్తాడు" అన్నాడు.

ఇప్పుడు నా మాట విను. నీ ఉత్తరం ఉత్తరంలా లేదు, మందుల పెట్టెలో మడిచిపెట్టే కాగితంలా ఉంది. పిల్లల సంగతి లేదు, మీనా సంగతి లేదు. ఎన్ని నిమిషాలు అని రెండుసార్లు అడిగావు. "ముందు జాగ్రత్త, అంతే" అట! ఆ "అంతే" చూస్తేనే నాకు ఒళ్ళు మండింది. నువ్వు నీళ్ళు నములుతున్నావు. ఏం దాస్తున్నావురా?

అక్క


ట్రాయ్
నవంబర్ 3, 2010

అక్కా,

దాచడానికి ఏముంది? నాకు లెక్కలు వచ్చు, వేశాను. రోజుకి ముప్పావుగంట చొప్పున ఏడున్నర ఏళ్ళు. సెలవులూ అవీ తీసేసినా పదిహేను వందల గంటలు నీ ఇంజన్ నిలబడి తిరిగింది. ఆ గంటలు మైళ్ళ మీటరుకి తెలియవు. బెల్టుకి తెలుసు. గంటకి నలభై అయిదు మైళ్ళ లెక్కన మారిస్తే నీ కారు డెబ్భై ఒక్క వేలు కాదు, లక్షా ముప్పై ఎనిమిది వేలు తిరిగినట్టు. ఇది చాలదా?

అసలు చిన్న డీజిల్ నిలబడి తిరిగేటప్పుడే ఎక్కువ అదురుతుంది. నీ కాఫీకప్పు వణకడం చూసే ఉంటావు. ఆ అదురంతా ఆ చక్రమే తింటుంది. డీలర్‌కి ఇవేవీ తెలియవు. వాడికి పుస్తకంలో ఉన్నదే తెలుసు.

ఇక్కడ మంచు మొదలైంది. మీనా బాగుంది. ధృవ్ బాస్కెట్‌బాల్ టీమ్‌లో చేరాడు. వచ్చే శనివారం భీమశంకరం గారి డెబ్భై అయిదో పుట్టినరోజు. బాంక్వెట్ హాల్ తీసుకున్నారు, తెలుగువాళ్ళందరూ వస్తున్నారు. నన్ను మాట్లాడమన్నారు. నాకు ఈ దేశంలో మొదటి ఉద్యోగం ఇప్పించింది ఆయనే కదా. ఏం మాట్లాడాలో రాసుకుని చించేశాను. మూడుసార్లు చించాను. నిద్ర సరిగ్గా పట్టట్లేదు. ఆఫీస్‌లో పని ఎక్కువగా ఉంది.

ఇషా కారు తీసుకునేలోగా బెల్టు మార్పించు. దయచేసి. నాతో వాదించకు.

మనోహర్


డబ్లిన్
డిసెంబర్ 12, 2010

మనోహర్,

పుట్టినరోజు ఫొటోలు మీనా పంపింది. భీమశంకరం గారి పక్కన దండ పట్టుకుని నిలబడ్డావు. అందరూ నవ్వుతున్నారు, నువ్వు తప్ప.

నీకు తొమ్మిదేళ్ళప్పుడు స్కూల్లో మైక్రోస్కోప్ కిందపడేశావు. లెన్స్ పగిలింది. ఆ రోజు లాబ్ తాళాలు నా దగ్గరున్నాయి. దెబ్బలు నేను తిన్నాను. నువ్వు వారం రోజులు నాతో మామూలుగానే మాట్లాడావు, కానీ అన్నం దగ్గర "అక్కా ఇంకొంచెం పప్పు వేసుకో, అక్కా ఇంకొంచెం నెయ్యి వేసుకో" అని ఒకటే బతిమాలేవాడివి. అప్పుడే నాకు తెలిసిపోయింది పగలగొట్టింది నువ్వేనని. ఈ మూడు నెలలుగా "బెల్టు మార్పించు అక్కా" అనేది సరిగ్గా అలాగే వినిపిస్తోంది.

నేను మార్పించలేదు. మొండితనమే అనుకో. నిజంగా అంత ప్రమాదమైతే కారణం చెప్పేవాడివి. చెప్పట్లేదంటే నీకు కావలసింది నా క్షేమం కాదు, నీ మనశ్శాంతి. అది నేను బెల్టు మార్చి ఇవ్వలేను.

ఇషా సెలవులకి వచ్చింది. జనవరి ఎనిమిదిన వెళ్తుంది. కారు దానిదే.

బిందుమాధవి


ట్రాయ్
డిసెంబర్ 27, 2010
(ఓవర్‌నైట్ కొరియర్‌లో)

అక్కా,

రాస్తున్నాను. పొద్దున్నుంచి నీకూ బావకీ ఇషాకీ ఫోన్ చేస్తున్నాను, ఎవరూ ఎత్తట్లేదు. కారు తీయొద్దని మెసేజ్ పెట్టాను. ఎందుకో మెసేజ్‌లో చెప్పలేకపోయాను. నువ్వన్నది నిజం, నాకు కాగితమే కావాలి.

2002లో ఆ టెన్షనర్ టెస్ట్ చేసిన టీమ్‌లో నేనున్నాను. పన్నెండు చక్రాలు పెట్టాం. పది చక్రాలు వేగం పెంచుతూ తగ్గిస్తూ, రోడ్డు మీద నడిచినట్టు తిప్పాం. అవన్నీ బాగా నిలబడ్డాయి. మిగతా రెండూ ఐడ్లింగ్ మీదే తిప్పాలని అప్పటి మా బాస్ భీమశంకరం గారే మొదట రాశారు, టాక్సీలు అలా నిలబడతాయని. ఒకటి పన్నెండు వందల నలభై గంటలకి పోయింది. రెండోది పదమూడు వందల పది గంటలకి. చక్రం తిరిగే పిన్ను అరిగి, చక్రం ఊడి, బెల్టు జారింది.

అప్పటికి కారు కంపెనీకి రిపోర్టు ఇవ్వడానికి నాలుగు రోజులే టైముంది. భీమశంకరం గారు నన్ను రూమ్‌లోకి పిలిచారు. "బోల్టు సరిగ్గా బిగించి ఉండరు బాబూ. టెస్ట్ రిగ్ తప్పు, చక్రానిది కాదు అని రాసి ఆ రెండూ తీసెయ్. సంతకం పెట్టు" అన్నారు. ఆ బోల్టులు బిగించింది నేను, అక్కా. కొలత పెట్టి బిగించే టార్క్ రెంచ్‌తో బిగించి, బోల్టు మీంచి ఇంజన్ మీదకి పసుపు పెయింట్‌తో ఒక గీత గీస్తాం. బోల్టు ఏమాత్రం తిరిగినా గీత విరుగుతుంది. రెండు గీతలూ చెక్కు చెదరలేదు. నేను నా కళ్ళతో చూశాను. ఫొటో కూడా తీసుకున్నాను. చూసి కూడా "బోల్టు వదులు" అని రాశాను. సంతకం పెట్టాను. ఆయన పెట్టలేదు, నేనొక్కడినే పెట్టాను.

ఎందుకు పెట్టావు అంటావు. హెచ్-వన్ వీసా మీద వచ్చి ఏడు నెలలే అయింది. మీనాకి నాలుగో నెల. గ్రీన్ కార్డ్ ఫైల్ ఆ వారమే మొదలుపెడతామన్నారు. ఆయన కాదంటే వెనక్కి వెళ్ళిపోవడమే అనుకున్నాను. భయపడ్డాను. ఇంతకంటే గొప్ప కారణం ఏమీ లేదు.

ఆ తర్వాత ఏడాదికి నువ్వు కారు కొన్నావు. అమెరికాలో ఎవరు రోజుకి ముప్పావుగంట కారు నిలబెట్టి కూర్చుంటారు అని నాకు నేనే చెప్పుకున్నాను. ఎవరూ కూర్చోరు, ఎవరికీ ఏమీ కాదు అనుకున్నాను. మరి నిన్ను కూర్చోబెట్టింది నా ఉత్తరమే. ముల్లు లేచేదాకా అని రెండు గీతలు గీసి మరీ కూర్చోబెట్టాను. సెప్టెంబర్‌లో నీ ఉత్తరం చదివాక ఆ పాత ఫొటో తీసి ముందు పెట్టుకుని, ఎన్ని నిమిషాలు అని నీకు రాశాను.

నీది పదిహేను వందల గంటలు. ఆ రెండూ పదమూడు వందలకే పోయాయి. ఇషాని ఆ కారు ఎక్కనివ్వకు. కొండ మీద ట్రక్కుల మధ్య ఇంజన్ చస్తే... నేను ఇంక రాయలేను.

నన్ను తిట్టు. కానీ ముందు తాళాలు దాచెయ్యి.

మనూ


డబ్లిన్
జనవరి 4, 2011

మనోహర్,

నీ కవరు ఇరవై ఎనిమిదో తారీఖు పదకొండున్నరకి వచ్చింది. తలుపు దగ్గర నిలబడే చదివాను. తాళాలు దాచెయ్యి అన్న ముక్క చదివేసరికి గోడ మీద హుక్ వైపు చూశాను. తాళాలు లేవు.

ఇషా ఫ్రెండ్ అదితి ట్రేసీలో ఉంటుంది. దాన్ని తీసుకొస్తానని మా అత్తగారితో చెప్పి పదిన్నరకి వెళ్ళిందట. ఆల్టమాంట్ మీదుగా. నీ ఫోన్లు కోపంతో నేను ఎత్తలేదు, మెసేజ్ వినలేదు, మీ బావా అంతే. దాని ఫోన్‌లోనూ నీ మెసేజ్ ఉంది, వినలేదు. ఈ పిల్లలు మెసేజ్‌లు వింటారా? నేను ఫోన్ చేశాను, ఎత్తలేదు. డ్రైవ్ చేసేటప్పుడు ఫోన్ ఎత్తితే చంపేస్తానని చెప్పింది నేనే. అది నా మాట వింటోంది. చూశావా, మన ఇంట్లో అందరూ చెప్పిన మాట ఎంత బాగా వింటారో!

నలభై నిమిషాలు. వంటింట్లో నిలబడి రెండు నిమిషాలకొకసారి ఫోన్ చేశాను. అత్తగారు ఏమయిందే అంటూ వెనకాలే తిరిగారు. ఏం చెప్పను? మీ బావ ఆఫీస్ నుంచి బయల్దేరాడు. ఆ నలభై నిమిషాల్లో నిన్ను నేను ఎన్ని మాటలన్నానో ఆవిడే సాక్షి. టీవీ ఆవిడే ఆపేశారు.

చివరికి ఎత్తింది. "అమ్మా, వాట్ హాపెన్డ్? ట్వెంటీ మిస్డ్ కాల్స్!" అంది.

"ఎక్కడున్నావే?"

"ట్రేసీలో, పార్కింగ్ లాట్‌లో. ఫోన్ బ్యాగ్‌లో సైలెంట్ మీద ఉండిపోయింది. అదితి ఇంకా రాలేదు. వెయిట్ చేస్తున్నా."

"కారు?"

"ఆన్‌లోనే ఉంది. ఇట్స్ సో కోల్డ్, హీటర్ పెట్టుకున్నా. నువ్వు చెప్పావ్ కదా, ఇంజన్ వార్మ్‌గా ఉంచాలి అని?"

"ఆపెయ్. ఇప్పుడే ఆపెయ్. దిగి దూరంగా నిలబడు" అన్నాను. దూరంగా ఎందుకన్నానో నాకే తెలియదు. అదేమన్నా బాంబా? కానీ అలాగే అన్నాను. అది భయపడి ఏడ్చింది.

ఏడున్నర ఏళ్ళలో మొదటిసారి నా కారు టో ట్రక్ ఎక్కింది. రఫాయెల్ మర్నాడు నేను చూస్తుండగానే మూత విప్పాడు. బెల్టు బాగానే ఉంది. చక్రం పట్టుకుని కదిపాడు. ఊడి చేతిలోకి వచ్చింది, మనూ. లాగలేదు, కదిపాడంతే. అతను శిలువ గుర్తు వేసుకుని, "ఇది ఇంకో కొండ ఎక్కేది కాదు" అన్నాడు.

ఆ చక్రం ఈ పెట్టెలో ఉంది. కడగలేదు, తుడవలేదు. ఎలా ఊడిందో అలాగే పంపుతున్నాను.

నన్ను తిట్టు అని రాశావు. తిట్టను. మైక్రోస్కోప్ అప్పుడు తిట్టి ఊరుకున్నాను, అది తప్పయింది. మా ఫార్మసీలో ఒక లాట్ మందు మీద అనుమానం వస్తే అదే రోజు షెల్ఫ్ ఖాళీ చేస్తాం. కొనుక్కెళ్ళినవాళ్ళకి వరసగా ఫోన్లు చేస్తాం. ఆ లాట్‌కి సంతకం పెట్టింది ఎవరు, వాడికి అప్పుడు ఎన్ని కష్టాలున్నాయి అని ఎవరూ అడగరు. నాలాగే కారులో కూర్చునేవాళ్ళు ఇంకెందరో ఉంటారు. డ్రైవర్లు, పేపర్లు వేసేవాళ్ళు, ఇంట్లో చోటులేని ఆడవాళ్ళు. వాళ్ళకి తమ్ముళ్ళు లేరు, ఉత్తరాలు రావు.

వాళ్ళకి కూడా చెప్పాక రాయి. అప్పటిదాకా నాకు ఉత్తరం వద్దు, ఫోనూ వద్దు.

బిందుమాధవి


ట్రాయ్
మార్చి 6, 2011

అక్కా,

చెప్పాను. అందుకే రాస్తున్నాను.

పెట్టె వచ్చిన రోజు బేస్‌మెంట్‌లో దీపం కింద పెట్టి చూశాను. పిన్ను ఒకవైపు అరిగి కోడిగుడ్డులా అయింది. 2002లో చూసిన రెండు పిన్నులూ అలాగే ఉన్నాయి, అదే వైపు. నా దగ్గర ఉన్న పాత ఫొటో పక్కన పెట్టాను. తేడా లేదు.

ముందు భీమశంకరం గారి ఇంటికి వెళ్ళాను. వెనకనుంచి పొడవడం నాకు ఇష్టంలేక. ఆయన భార్య కాఫీ ఇచ్చి లోపలికి వెళ్ళింది. చక్రం టీపాయ్ మీద పెట్టాను. ఆయన తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని తిప్పారు. ఇంజనీరు కదా, చెయ్యి ఊరుకోలేదు. పెట్టేశారు.

"ఎవరిది?" అన్నారు.

"మా అక్కది సార్. మా మేనకోడలు నడిపింది."

చక్రాన్ని టీపాయ్ అవతలికి జరిపారు. తర్వాత "బోల్టు..." అని మొదలుపెట్టారు. నేను పసుపు గీత ఫొటో ముందు పెట్టాను. మాట ఆపేశారు. "ఎనిమిదేళ్ళు దాటింది కదయ్యా. ఇప్పుడెందుకు తవ్వడం? నీ గ్రీన్ కార్డ్ కూడా ఇంకా రాలేదు" అన్నారు. నేను లేచాను. గుమ్మం దాకా వచ్చి, నా చెయ్యి పట్టుకుని "నా పేరు రాయకు బాబూ" అన్నారు. "మీ సంతకం లేదు సార్ దాని మీద. నాదే ఉంది" అన్నాను. ఆయన మీద కోపం వస్తుందనుకున్నాను. జాలే వచ్చింది. కానీ జరిగింది జరిగినట్టు రాశాను అక్కా, ఆయన అన్న మాటతో సహా.

మర్నాడు మా డైరెక్టర్ టేబుల్ మీద మూడు పెట్టాను. నీ చక్రం, పాత ఫొటో, నా సంతకం ఉన్న రిపోర్టు. లాయర్లు వచ్చారు. రెండు వారాలు అడిగిందే అడిగారు. కారు కంపెనీకి తెలియజేశారు. మరో ఆరు కార్లు తెప్పించి విప్పితే రెండింట్లో పిన్నులు అరిగి ఉన్నాయట. ఒకటి టాక్సీ. ఇంకొకటి సెక్యూరిటీ గార్డ్‌ది, రాత్రంతా గేటు దగ్గర హీటర్ వేసుకుని కూర్చునేవాడట.

నన్ను లీవ్‌లో పెట్టారు. జీతం ఇస్తున్నారు, ఎంతకాలమో చెప్పలేదు. గ్రీన్ కార్డ్ ఏమవుతుందో లాయర్‌కే తెలియదు. మీనాకి అంతా చెప్పాను. మూడో రోజు "నాలుగో నెల అని నన్నెందుకు అడ్డం పెట్టుకున్నావు? నన్ను అడిగావా?" అంది. న్యాయమే. ఇంట్లో కాలు నిలవట్లేదు. పొద్దున్నే లేచి బూట్లు వేసుకుంటాను, వెళ్ళేచోటు లేదు, విప్పుతాను.

కానీ భోజనం రుచి తెలుస్తోంది. అది చెప్పాలనిపించింది.

ఇషాకి నా ముఖం చూపించలేను. క్షమించమని దానికి చెప్పు. వద్దు, నేనే రాస్తాను.

మనూ


డబ్లిన్
జులై 17, 2011

ఒరే మనూ,

నిన్న పోస్ట్‌లో కారు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. "గౌరవనీయులైన యజమానికి" అని మొదలు. ఆ ఏళ్ళలో వచ్చిన ఈ ఇంజన్ కార్లన్నిటికీ టెన్షనర్ మార్చి ఇస్తారట. మైళ్ళు ఎన్నైనా సరే, వెంటనే తీసుకురమ్మని రాశారు. రెండో పేజీలో ఒక వాక్యం: "ఇంజన్‌ను ఎక్కువసేపు నిలిపి నడపవద్దు." ఆ ఒక్క ముక్క కోసం మనం ఎంత పడ్డామురా!

రెండు పేజీలూ రెండుసార్లు వెతికాను. నీ పేరు ఎక్కడా లేదు. ఉండదని తెలుసు, అయినా వెతికాను. ఇషా నన్ను చూసి, నా చేతిలోంచి కాగితం లాక్కుని, అడుగున ఖాళీలో పెన్నుతో "మా మనోహర్ మావయ చెప్పాడు" అని రాసింది. తెలుగులోనే. మావయ్యలో ఒత్తు మర్చిపోయింది, నేను దిద్దలేదు. అలాగే ఫ్రిజ్ మీద అంటించింది. నీ ఉత్తరానికి దాని జవాబు అదే అనుకో.

మా నాన్సీకి చూపించాను. వాళ్ళ తమ్ముడు ఆరెగన్‌లో ఇదే కారు నడుపుతున్నాడట. నా ముందే అతనికి ఫోన్ చేసింది.

ఇంట్లో సంగతి కూడా విను. కారులో ఎందుకు కూర్చుంటున్నానో అత్తగారితో చెప్పేశాను. ఆ రోజు ఫోన్ పట్టుకుని నేను పడ్డ పాట్లు చూసినావిడ, ఇంకేం దాస్తాను? "ముందే చెప్పొద్దటే, నేనేమన్నా పులినా?" అన్నారు. ఇప్పుడు నేను వచ్చేసరికి టీవీ ఆపి తన గదిలోకి వెళ్తున్నారు. ఇరవై నిమిషాలు, గడియారం పెట్టి మరీ. ఇరవై ఒకటో నిమిషానికి చానల్ రావట్లేదంటారు. అదీ నిజమే.

నీ పాత ఉత్తరం గ్లవ్ బాక్స్‌లోంచి తీశాను. ఆ రెండు గీతల వాక్యం నేనే కొట్టేశాను. మిగతాదంతా ఉంచాను. ఆయిల్ గురించీ ఫిల్టర్ గురించీ నువ్వు రాసినవన్నీ సరైనవేనని రఫాయెల్ అన్నాడు. కొత్త టెన్షనర్ వేసినప్పుడు బోల్టు మీద పసుపు గీత గీయమన్నాను. ఎందుకన్నాడు. మా తమ్ముడు అలా గీస్తాడన్నాను.

కంపెనీ నిన్ను తీసేసిందని మీనా చెప్పింది. నువ్వు రాయలేదు. సరే, ఇది దాచినందుకు ఏమీ అనను. వీసా గడువు లోపల ఇంకో కంపెనీ దొరకాలని కూడా చెప్పింది. శాంటా క్లారాలో బ్యాటరీ కార్లవాళ్ళు టెస్టింగ్ మనుషుల కోసం చూస్తున్నారని మీ బావ కనుక్కున్నాడు. ఇంటర్వ్యూలో పాత ఉద్యోగం ఎందుకు పోయిందని అడుగుతారు. చెప్పు. నీళ్ళు నమలకు.

ఇంటర్వ్యూకి వచ్చే ఫ్లైట్ ఏ రోజు, ఎన్నింటికో రాయి. నేనే వస్తాను, అదే కారులో. స్టార్ట్ చేసి వెంటనే బయల్దేరతాను, ముల్లు లేచేదాకా ఆగను. స్తోత్రం దారిలో చదువుకుంటాను.

అక్క